నూనెని, నీటిని వేరుచేసే పొర
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ.ఎం.ఈ.లో బండ్ల రిపేరు పని చేసి సుబేదారుగా రిటైరయినవాణ్ణి. పనిలో తెలిసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ నాలుగు మాటలు చెప్తాను.

మనలో చాలామంది రిటైరయ్యాక సర్వీసింగ్ సెంటర్లు, లారీలు పెట్టుకున్నారు. బండి కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి నూనె, గ్రీజు ఉండకూడదని రూలు. అంటే వెయ్యి లీటర్లకు రెండు చెంచాలు!

వాషింగ్ ర్యాంపు పక్కన గుంట కట్టి నీళ్లు నిలవబెడితే నూనె పైకి తేలుతుంది, తీసేస్తాం. కానీ సబ్బు, ప్రెషర్ పంపు వాడితే నూనె సన్నటి బొట్లుగా విరిగి నీళ్లు మజ్జిగలా తెల్లబడతాయి. దీన్నే ఎమల్షన్ అంటారు. ఇది గుంటలో అంత తేలిగ్గా విడిపోదు. ఇక్కడే పొర, అంటే మెంబ్రేన్ కావాలి.

పొర వట్టి జల్లెడ కాదు. రంధ్రం ఎంత చిన్నదన్నది ఒకటి, ఆ పదార్థం దేన్ని దగ్గరకు రానిస్తుందన్నది రెండోది. తామరాకుకి నీటిబొట్టు అంటదు కదా! ఆ గుణంతోనే 2004లో చైనా శాస్త్రవేత్తలు స్టీలు జాలీకి టెఫ్లాన్ పూత వేశారు. డీజిల్ కిందికి దిగింది, నీరు పైనే ఆగింది. చేప పొలుసుది దీనికి తిరకాసు. అది నీళ్లలో ఉండగా నూనెని అంటనివ్వదు. డీజిల్లో కొంచెం నీరు చేరినచోట తామరాకు గుణం పనికొస్తుంది. మన కడుగునీళ్లలో నీరెక్కువ, నూనె తక్కువ కాబట్టి చేప పొలుసు గుణమున్న పొర కావాలి.

పి.వి.డి.ఎఫ్. అనే ప్లాస్టిక్ పొరలు చవక. దానికి నీరంటే పడదు కనుక నీటిని ఇష్టపడే పూత వేస్తారు. అల్యూమినా సిరామిక్ పొరలు ఖరీదు, కాని వేడికీ కాస్టిక్ సోడాకీ తట్టుకుంటాయి.

ఏ పొరకైనా శత్రువు జిడ్డే. రంధ్రాలు మూసుకుపోతే పని ఆగుతుంది. అందుకే నీళ్లని పొర వెంబడి జోరుగా పారిస్తారు, వెనకనుంచి నీళ్లు కొట్టి కడుగుతారు. మట్టి, తేలే నూనె ముందు గుంటలోనే తీసెయ్యాలి. రైఫిల్‌కి సఫాయి ఎలాగో పొరకీ అలాగే.

2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు గుద్దుకుని నూనె ఒలికితే మనుషులు బక్కెట్లతో ఎత్తిపోశారు. ఒలికాక పడే తిప్పలు అవి. అందుకే కాలవలో కలవకముందే ఆపాలి. ముందు గుంట కట్టండి, సబ్బు తగ్గించండి. పొర ఖరీదు ఒక్కరికి బరువైతే నలుగురు కలిసి పెట్టుకోండి. మన పిల్లలు తాగేది ఆ నీళ్లే.

జై హింద్.