కళ్ళు తిరిగితే కూర్చునే హక్కు

(గ్రామాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాత తెలుగు సినిమాల్లో తరచూ ఒక దృశ్యం ఉండేది. కొత్త కోడలు కళ్ళు తిరిగి పడిపోతుంది. డాక్టరు వచ్చి నాడి చూసి నవ్వుతాడు. శుభవార్త అంటాడు. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ పిల్ల ఎందుకు పడిపోయింది, పొద్దున్నించి ఏమైనా తిన్నదా, మళ్ళీ పడిపోకుండా ఏం చెయ్యాలి అని ఒక్కరూ అడగరు. మన ఇళ్ళల్లోనూ అంతే. ‘కడుపుతో ఉన్నదానికి కళ్ళు తిరగవా? మేమంతా కనలేదా?’ అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఈ రోజు ఆ కళ్ళు తిరగడం గురించే మాట్లాడతాను.

నా సంగతితో మొదలుపెడతాను. ఆరో నెలలో నాకు పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. మూడు గంటలు గదిలో తిరుగుతూ ఉండాలి, కూర్చోకూడదని ఆజ్ఞ. రెండో గంటలో చెవుల్లో హోరు మొదలైంది. చెమటలు పట్టాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. కూర్చోమని ఒళ్ళు చెబుతూనే ఉంది. అయినా కూర్చోలేదు. ఆడవాళ్ళకి ఉద్యోగాలిస్తే ఇంతేనంటారని భయం. బల్ల పట్టుకోబోయి కింద పడ్డాను. తెలివి వచ్చాక పై అధికారి నోటి నుంచి విన్న మొదటి మాట, ‘ఇంత కష్టమైతే సెలవు పెట్టుకోవచ్చు కదమ్మా’ అని. ఆ గదిలో ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. సమాజశాస్త్రంలో డాక్టరేటు ఉన్న నేనే ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. మరి మేస్త్రి కేకలేస్తుంటే నాట్లలో ఉన్న కూలి మనిషి ఎలా కూర్చుంటుంది?

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుందాం. గర్భం నిలిచిన తొలి వారాల నుంచే హార్మోన్ల వల్ల రక్తనాళాలు వదులవుతాయి. బీపీ కొంత తగ్గుతుంది. ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి మెదడుకు చేరేది తగ్గుతుంది. కళ్ళు తిరిగేది అందుకే. వంగి నాటు వేస్తూ ఒక్కసారిగా నడుమెత్తినా, పడుకున్న మనిషి దిగ్గున లేచినా ఇదే జరుగుతుంది. వేవిళ్ళతో కడుపు ఖాళీగా ఉన్నా, ఎండలో నీళ్ళు తాగకపోయినా ఇంకా ఎక్కువవుతుంది. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే, బరువెక్కిన గర్భసంచి వెనకనున్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గి తల తిరుగుతుంది. పక్కకు, వీలైతే ఎడమ పక్కకు తిరిగి పడుకోమనేది ఇందుకే.

దీనికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగానికి పైనే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. 7 కన్నా తగ్గితే తీవ్రమైనది, వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవలసిన ఐరన్ మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. కానీ చాలా ఇళ్ళల్లో అవి అటక మీద ఉంటాయి. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం చూసి భయపడతారు. బిడ్డ నల్లగా పుడుతుందని అత్తలు వద్దంటారు. మాత్రలు మింగని మనిషిని తిట్టకండి. నలుపు మాత్రదే, బిడ్డ రంగుకు సంబంధం లేదని చెప్పండి. తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకోమనండి. టీతో, పాలతో వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే కోడలికి దక్కే ఇంట్లో మాత్రలొక్కటే ఏమీ చెయ్యలేవని కూడా అత్తగారికి చెప్పండి.

ఇక జాగ్రత్తలు. తల తేలినట్టు అనిపించగానే ఉన్నచోటే కూర్చోవాలి, గట్టు మీదైనా, బస్సు మెట్ల మీదైనా. సిగ్గుపడొద్దు. వీలైతే ఎడమ పక్కకు ఒరిగి పడుకోవాలి. లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపాగి నిలబడాలి. నిలబడక తప్పకపోతే మడమలు ఎత్తి దించుతూ ఉండాలి. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. ఎవరైనా పడిపోతే చుట్టూ మూగకుండా గాలి ఆడనివ్వండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, బట్టలు వదులు చెయ్యండి. తెలివి పూర్తిగా రాకుండా నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతిలో తాళాలు పెట్టి, ఉల్లిపాయ వాసన చూపించి, గాలి సోకిందని వేపమండలు తెచ్చి కాలం పోగొట్టొద్దు.

కొన్నిసార్లు ఇది మామూలు కళ్ళు తిరగడం కాదు. నెల తప్పిన తొలి వారాల్లో పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పితో, లేదా భుజం నొప్పితో కళ్ళు తిరిగితే గర్భం సంచిలో కాక నాళంలో నిలిచి, అది పగిలి ఉండవచ్చు. పైకి రక్తం కనబడకపోయినా ప్రాణం పోతుంది. రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు, ఫిట్స్, గుండెదడ, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, కడుపు మీద దెబ్బ తగిలేలా పడటం, ఒకటి రెండు నిమిషాల్లో తెలివి రాకపోవడం - వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చెయ్యాలి. మర్నాటి దాకా ఆగకూడదు.

ఇదంతా ఏ నర్సమ్మయినా చెబుతుంది. తినాలి, తాగాలి, కూర్చోవాలి. ఈ మూడూ మన చేతుల్లో ఉన్నాయా అన్నదే నా ప్రశ్న. బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానేస్తారు. కేరళలో కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ‘పెణ్‌కూట్టు’ పేరుతో సంఘం కట్టి, ముందు మరుగుదొడ్డి కోసం, తర్వాత కుర్చీ కోసం పోరాడారు. ఆ పోరాటాల ఫలితంగా 2018లో కేరళ చట్టంలో, 2021లో తమిళనాడు చట్టంలో దుకాణాల్లో కూర్చునే హక్కు చేరింది.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం, గర్భిణి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని ఇవ్వకూడదన్నది. ఆ మాటే 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. అయితే అది ప్రసవానికి ముందు ఆరు వారాలకు, అంతకుముందు ఒక్క నెలకే. నేను పడిపోయిన ఆరో నెల ఆ లెక్కలోకే రాదు. పొలం కూలికి అదీ లేదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో కేంద్ర పథకం వచ్చినప్పుడు మొదటి కాన్పుకే, అదీ 5,000 అన్నది. కూలి పోతుందన్న భయంతో నెలలు నిండేదాకా పొలానికి వెళ్ళే మనిషికి ఈ సొమ్ము ఎన్నాళ్ళు సరిపోతుంది?

చివరిగా ఒక కష్టమైన విషయం. గుత్తకు నాట్లేసే ముఠాలో ఒక మనిషి కూర్చుంటే ఆమె వంతు పని మిగతావాళ్ళ మీద పడుతుంది. అప్పుడు సణిగేది మేస్త్రి ఒక్కడే కాదు, మనం కూడా. ‘వట్టి మనిషి కాదు’ అని నోటితో అంటాం, పనిలో మాత్రం అందరితో సమానంగా లాగమంటాం. చట్టం కోసం పోరాడుతూనే ఈ సీజనులో మన ఊరి ముఠాలతో ఒక మాట మాట్లాడదాం. కడుపుతో ఉన్న మనిషి మధ్యమధ్య గట్టు మీద కూర్చుంటుంది, ఆమె వాటా కూలి కొయ్యం, గుత్త మాట్లాడేటప్పుడే ఆ లెక్క కలిపి మాట్లాడతాం అని. మేస్త్రితో ఆమె ఒక్కతీ చెబితే పని పోతుంది. ముఠా అంతా కలిసి చెబితే వినక తప్పదు. వచ్చే సమావేశానికి ఎన్ని ముఠాలు ఒప్పుకున్నాయో, ఒప్పుకోనివాళ్ళు ఏమన్నారో రాసుకుని రండి. అక్కడి నుంచి మళ్ళీ మాట్లాడుకుందాం.