వీథి మరణములు విధివ్రాత కావు

(బందరునందలి ఒక పఠనమందిర సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



నేను ఎంచుకొన్న విషయము మీలో కొందరికి మిక్కిలి సామాన్యముగా తోచవచ్చును. వీథిలో బండ్లు ఢీకొనుట, ఒకరిద్దరు మరణించుట, మరునాడు పత్రికలో నాలుగు పంక్తులు పడుట, మూడవనాడు మనమందరము మరచుట, ఇది నిత్యకృత్యమైపోయినది. ఇట్టి మరణము మనకు నిత్యకృత్యమగుటయే నా ఫిర్యాదు. కలరా వచ్చి పట్టణమున పదిమంది చనిపోయినచో నూతినీరు పరీక్షింపుడని మనము కేకలు వేయుదుము. మోటారు బండ్ల క్రింద పదిమంది చనిపోయినచో ఆయువు తీరినదందుము. ఈ భేద మెక్కడిది?

మొదట దేశపు లెక్క చూతము. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ వారు ఏటేట ఈ లెక్కలను ప్రకటించుచున్నారు. 2019లో దేశమున 4,49,002 ప్రమాదములు జరుగగా 1,51,113 మంది మరణించిరి. 2020లో ప్రమాదములు 3,66,138, మరణములు 1,31,714. 2021లో మరణములు 1,53,972, 2022లో 1,68,491, 2023లో 1,72,890. ఈ తుదియంకెను దినములకు పంచినచో దినమునకు 470కి పైగా, గంటకు ఇంచుమించు 20 మంది. నేనీ ఉపన్యాసము ముగించి మీరు ఇండ్లకు చేరులోపల ఈ దేశపు దారులపై ఇరువదిమంది ప్రాణములు పోయియుండును.

లెక్కను చూచుట వేరు, చదువుట వేరు. 2020వ సంవత్సరమున మరణములు తగ్గినవని ఎవరైన సంతసించినచో అది భ్రమ. ఆ యేడు కరోనావ్యాధి వలన జనులు ఇండ్లు వదలలేదు, బండ్లు కదలలేదు. ప్రయాణములు తగ్గినవిగాని దారులు బాగుపడలేదు. దానికి నిదర్శనము లెక్కలోనే కలదు. 2019లో ప్రతి నూరు ప్రమాదములకు సుమారు 34 మంది మరణింపగా, 2020లో సుమారు 36 మంది మరణించిరి. 2023లోను ఆ నిష్పత్తి 36 దగ్గరనే నిలిచినది. అనగా జరిగిన ప్రమాదములు తక్కువైనను, జరిగిన ప్రతిదియు మునుపటికంటె ప్రాణాంతకముగానే ఉండెను.

చిన్నపట్టణమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఊహకొరకు ఒక పట్టణమున ఒక యేడు పండ్రెండు మరణములు, మరుసటి యేడు ఎనిమిది అనుకొందము. అధికారులు తమ శ్రమ ఫలించినదందురు. ఆ పై యేడు పదమూడైనచో మౌనము వహింతురు. చిన్నసంఖ్యలు గాలికి ఊగు దీపమువంటివి. ఒక్క యేటి హెచ్చుతగ్గులు ఏమియు తెలుపవు. ఐదేండ్ల లెక్కను ఒకచోట చేర్చి, ఏ కూడలిలో, ఏ వేళ, ఎవరు, దేనిక్రింద పడిరని విడదీసి చూచినప్పుడే నిజము బయటపడును. ఒకే మలుపున, ఒకే చీకటివేళ, ఒకే తీరున మనుష్యులు పడుచున్నచో దానిని దైవయోగమని యెట్లందుము?

ఇంతకు పడుచున్నవారెవరు? 2022వ సంవత్సరపు లెక్కను బట్టి మృతులలో నూటికి 44.5 మంది మోటారు సైకిళ్లపై పోవువారు, 19.5 మంది కాలినడకను పోవువారు. ఈ రెండు తెగలే నూటికి 64. కారులోని ధనికుడు వీరిలో లేడు. పాలు అమ్ముకొనువాడు, పాఠశాలకు పోవు బాలుడు, పనిముగించి ఇల్లు చేరు కూలి, భార్యాబిడ్డలను వెనుక కూర్చుండబెట్టుకొని పెండ్లికి పోవు చిరుద్యోగి, వీరు పోవుచున్నారు. మృతులలో మూడింట రెండు వంతులమంది పదునెనిమిదేండ్లకు, నలువదియైదేండ్లకు నడిమివారు. అనగా సంపాదించి ఇల్లు నడుపువారు. ఒక్క మరణముతో ఒక కుటుంబము అప్పులపాలగుట నావంటివారము కోర్టులలో నిత్యము చూచుచున్నాము.

న్యాయవాదిగా ఒక సంగతి మీకు మనవి చేయవలెను. ప్రమాదము జరిగినపిదప రెండు వ్యాజ్యములు పుట్టును. ఒకటి క్రిమినలు కేసు. పూర్వము భారత శిక్షాస్మృతి 304ఎ సెక్షను క్రిందను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రిందను నడుచుచున్నది. రెండవది మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో నష్టపరిహారపు దావా. ఈ రెండింటియందును ప్రశ్న యొక్కటే: తప్పు ఏ డ్రైవరుది? పోలీసువారి కాగితమున “అతివేగముగాను, అజాగ్రత్తగాను” అను మాటలు అచ్చుగుద్దినట్లు పడును. విచారణ జరుగును, సొమ్ము చెల్లును, కాగితముల కట్ట మూయబడును. దీపములేని మలుపునుగాని, కొట్లు ఆక్రమించిన కాలిబాటనుగాని, కూడలి మూలను మూసివేసిన లారీనిగాని సాక్షిబోనున నిలుపువారు లేరు. కొన్ని నెలలకు అదే మలుపునుండి మరియొక కట్ట వచ్చును. డ్రైవరు మారును, మృతుడు మారును, మలుపు మాత్రము మారదు.

వేగము ముఖ్యకారణమని నేను కాదనను. 2022లోని మరణములలో నూటికి 71 అతివేగము వలననే యని ప్రభుత్వలెక్క చెప్పుచున్నది. వేగము రెండింతలైనచో తాకిడి బలము నాలుగింతలగును. ముప్పది కిలోమీటర్ల వేగమున తగిలిన బండి కాలు విరుచును; అరువది కిలోమీటర్ల వేగమున తగిలిన బండి ప్రాణము తీయును. అయితే ఊరినడుమ అరువది కిలోమీటర్ల వేగమున పోవుటకు వీలు కల్పించినదెవరు? దారిని వెడల్పుగా, తిన్నగా, అడ్డులేకుండ వేసి, ప్రక్కన “నెమ్మదిగా పొండు” అని పలక నాటినచో డ్రైవరు దారి మాట వినునా, పలక మాట వినునా?

మన బందరు స్థితి ఆలోచింపుడు. పూణేలో బయలుదేరి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చు 65వ నెంబరు జాతీయ రహదారి ఇచటికి చేరుచున్నది. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు తీరము వెంబడి పోవు 216వ నెంబరు రహదారియు ఈ పట్టణమునే తాకుచున్నది. దూరదేశపు లారీయు, పేటలోని సైకిలును ఇచట కలిసికొనుచున్నవి. దేశపు దారులలో జాతీయ రహదారులు నిడివిని బట్టి నూటికి రెండు మూడు పాళ్లే యైనను, 2022లోని మరణములలో నూటికి 36 వానిపైననే జరిగినవి. రహదారి ఊరిని తాకుచోట అది ఊరి వీథి కావలెను. వీథి రహదారిగా మారరాదు.

“ఇదంతయు మహానగరములకు సాధ్యము, చిన్న పట్టణమున కెక్కడిది?” అని మీరడుగవచ్చును. అందులకే ఒక చిన్నపట్టణపు దృష్టాంతము తెచ్చితిని. అమెరికాలో న్యూయార్కునకు ఎదుట, హడ్సను నది ఆవలియొడ్డున, న్యూజెర్సీ రాష్ట్రమున హోబోకెన్ అను పట్టణము కలదు. మన తెలుగువారు వేలకొలది ఆ రాష్ట్రమున నివసించుచున్నారు. ఆ పట్టణపు జనసంఖ్య ఇంచుమించు అరువదివేలు. మన పట్టణపు జనసంఖ్యలో సగమైనను లేదు. వీథులు ఇరుకు, బండ్లు అధికము, నిలుపుటకు చోటు కరవు. అట్టి పట్టణమున 2017 జనవరి తరువాత ఎనిమిదేండ్లపాటు వీథి ప్రమాదమున ఒక్కరును మరణింపలేదు. బండిలోనివారుగాని, సైకిలుపైవారుగాని, నడచువారుగాని ఒక్కరు లేరు.

వారేమి చేసిరి? అద్భుతమేమియు చేయలేదు. ఒక వృద్ధురాలు దారి దాటుచు మరణించినపిదప నగరాధికారులు మేల్కొనిరి. కూడలిమూలల బండ్లు నిలుపుట మాన్పించిరి. అందువలన దాటువాడు బండిని, బండివాడు దాటువానిని ముందుగనే చూడగలిగిరి. ఆ ఖాళీచోట మరల బండ్లు చేరకుండ కొన్నియెడల కమ్మీలు, కొన్నియెడల సైకిలు స్టాండ్లు పెట్టిరి. కాలిబాటలను మూలలయొద్ద ముందుకు జరిపి దాటవలసిన దూరము తగ్గించిరి. దీపములను సవరించి, బండ్లకంటె కొన్ని క్షణములు ముందుగా నడచువారికి దారి యిచ్చిరి. 2022లో పట్టణమంతట వేగపరిమితిని గంటకు 20 మైళ్లకు, అనగా 32 కిలోమీటర్లకు దించిరి. ధనవ్యయమునకు భయపడి ఆగలేదు. ఏ వీథికి మరమ్మతు వచ్చినను ఆ మరమ్మతులోనే ఈ మార్పును కలిపిరి. ఈ పని నడిపించిన నాటి నగరాధ్యక్షుడు రవీందర్ భల్లా భారతసంతతికి చెందిన సిక్కు అనుట మనకు సంతోషకరము.

అచట ప్రమాదములు మాసిపోలేదు. మనుష్యులు నేటికిని తప్పులు చేయుచునేయున్నారు. అయితే తప్పునకు మరణదండన లేదు. 1997లో స్వీడను పార్లమెంటు అంగీకరించిన విధానపు సారమిదియే: మానవుడు తప్పు చేయక మానడు, కావున తప్పు ప్రాణము తీయని తీరున దారిని నిర్మింపవలెను. “మనవారికి క్రమశిక్షణ లేదు, ఏమి చేసినను వ్యర్థము” అనువారికి నా సమాధానము ఇంతియే. క్రమశిక్షణ నేర్పవలసినదే, అది నేర్చుకొనువరకు బాలుని వీథిలో చావనిత్తుమా?

ఇక కొట్లవారి ఆక్షేపణ కలదు. మూలలను ఖాళీ చేసినచో బేరము పోవునని వారి భయము. ఆ భయమును నేను తేలికగా త్రోసిపుచ్చను. చిల్లరబేరముమీద బ్రతుకు కుటుంబముల బాధ నాకు తెలియును. బండ్లకు వేరుచోటు చూపుట నగరపాలకసంస్థ ధర్మము. కాని కూడళ్ల చెంతను, మలుపులయందును, కాలిబాటలమీదను బండ్లు నిలుపరాదని చట్టము ఎన్నడో శాసించినది. చట్టవిరుద్ధమైన సౌకర్యము ఒకవైపు, దాటుచున్న ముదుసలి ప్రాణము మరియొకవైపు ఉన్నప్పుడు త్రాసు ఎటు మొగ్గవలెనో కొట్టుయజమానులే చెప్పుదురు గాక.

చట్టము మనకు ఆయుధములను ఇచ్చియేయున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమున 198ఎ సెక్షను కలదు. దారి నిర్మాణమున నియమిత ప్రమాణములను పాటింపక మరణమునకు కారకులైన అధికారులకును, కంట్రాక్టరులకును లక్షరూపాయల వరకు జుర్మానా విధింపవచ్చును. పిల్లవానికి బండి యిచ్చిన తండ్రిని 199ఎ సెక్షను శిక్షించును. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చువానిని పోలీసులు వేధింపరాదని సుప్రీంకోర్టు 2016లో స్థిరపరచగా, 134ఎ సెక్షను ఆ రక్షణను చట్టమున చేర్చినది. 2025లో వచ్చిన పథకము క్రింద క్షతగాత్రునకు ఏడుదినముల వరకు లక్షన్నర రూపాయల చికిత్స సొమ్ము చెల్లింపకుండ లభించును. జిల్లాకొక రహదారి భద్రతా సంఘము ఉండవలెనని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించినది. ఈ మాటలను ఇక్కడినుండి పోయి పదిమందికి చెప్పుడు. రక్తసిక్తుడై పడియున్నవానిని చూచి జనము చుట్టు నిలుచుట క్రూరత్వము వలన కాదు, కోర్టు భయము వలన. ఆ భయమునకు నేడు ఆధారము లేదు.

మహాశయులారా, మాటలు చాలును. మూడు పనులు కోరుచున్నాను.

మొదటిది, ఈ పఠనమందిరపు గోడపై ఒక పలక వ్రేలాడవలెను. పట్టణమున జరిగిన ప్రతి మరణప్రమాదమును, పేర్లు లేకుండ, చోటు, వేళ, మృతుడు నడచువాడా బండిపైవాడా, అచట దీపము కలదా లేదా యని దానిపై వ్రాయవలెను. పోలీసుఠాణాలోను, ప్రభుత్వాసుపత్రిలోను లెక్కలున్నవి. అడిగి తెత్తము, ఈయనిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుదము. ఆ దరఖాస్తులు వ్రాయుపని నాది.

రెండవది, ఐదేండ్ల లెక్కనుబట్టి మిక్కిలి చెడ్డవైన మూడు కూడళ్లను ఎంచి, వానిని చక్కజేయుడని నగరపాలకసంస్థకును, జిల్లా సంఘమునకును విన్నపము పంపవలెను. ముప్పది కోరినచో ఒకటియు జరుగదు. మూడు కోరినచో జరుగలేదని చెప్పుట వారికి కష్టము.

మూడవది మన యిండ్లలోనిది. 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెట్టు మరణమును నూటికి నలువదిపాళ్లు తప్పించునని పరిశోధకులు తేల్చిరి. మగవాడు తలకు పెట్టుకొని, వెనుకనున్న భార్యను, తల్లిని ఒట్టితలతో కూర్చుండబెట్టుట మనవీథులలో నిత్యము కనబడుచున్నది. ఇందులకు ప్రభుత్వము అక్కరలేదు, విన్నపము అక్కరలేదు. రేపటి ఉదయముననే మానవచ్చును.

వచ్చు సంవత్సరము ఈ దినమున మరల ఇచట కూడుదము. ఆనాడు ఉపన్యాసము అక్కరలేదు. ఆ పలకను క్రిందికి దింపి అందరిలో చదువుదము. ఏ మూడు కూడళ్లు మారినవో, ఏవి మారలేదో, మారనిదానికి ఎవరు బాధ్యులో అప్పుడు నిర్ణయింతము.