లెక్కలలో ఊహయు, తాళా చూచుటయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పిల్లవాడు లెక్కలలో గట్టివాడై హైదరాబాదు హైటెక్ సిటీలో కొలువు సంపాదింపవలెనని కోరని తలిదండ్రులు నేడు పల్లెలలో అరుదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ సీమ పిదప గచ్చిబౌలి మీదుగా ఎంతో దూరము వ్యాపించినది. అచట నిత్యము జరుగు పని ఎట్టిదో విచారించువారు మాత్రము తక్కువ. సూత్రములను గడగడ అప్పజెప్పుట యొక్కటే అచట చాలదు. ప్రోగ్రామును వ్రాసి, నడపి, ఎచట తప్పినదో కనుగొని, దిద్ది, మరల నడపుదురు. కృత్రిమ మేధ యని నేడు అందరి నోట వినబడు విద్యయు ఇట్టిదే. యంత్రమునకు మొదట ఏవో అంకెల నిత్తురు. వచ్చిన జవాబునకును రావలసిన జవాబునకును గల తేడాను కొలిచి, అది తగ్గునట్లు అంకెలను కొంచెము సవరింతురు. ఈ సవరణ లెక్కకు మిక్కిలిసార్లు జరుగును.

ఇక మన బడులలో నేమి జరుగుచున్నది? మేకలును కోళ్లును కలిసి తలలు 20, కాళ్లు 56, ఏవి యెన్ని? అని అడుగుదురు. బాలిక పలకమీద ఏదో వేసికొని 8 మేకలు, 12 కోళ్లు అని సరిగా వ్రాయును. అయినను 'సమీకరణ మేది? ఊహించి వ్రాసితివి' అని సున్న చుట్టు ఉపాధ్యాయులు కలరు. ఆ సున్నతో ఆ బిడ్డకు లెక్కయన్న భయము పట్టుకొనును. మరునాటినుండి తెలియని లెక్కకు చేయి సాచదు. ఇది చిన్న నష్టము కాదు.

ఆ బాలిక చేసిన పని యేదో చూడుడు. మొదట 10 మేకలు, 10 కోళ్లు అనుకొన్నది. కాళ్లు 40, 20 కలిసి 60 అయినవి, నాలుగు ఎక్కువ. ఒక మేకను తీసి కోడిని పెట్టినచో రెండు కాళ్లు తగ్గును. నాలుగు తగ్గుటకు రెండు మేకలను మార్చవలెను. ఇక 8 మేకలు, 12 కోళ్లు. 32, 24 కలిసి 56. తాళా సరిపోయినది. మొదటి ఊహ తప్పే, కాని ఆ తప్పే రెండవదానికి దారి చూపినది. ఇందులో బీజగణితమంతయు మొలకయై యున్నది. ఉపాధ్యాయుడు దానికి పేరు పెట్టుటయే తరువాయి.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో 'ఇష్టకర్మ' యను ప్రకరణము కలదు. ఇష్టమైన సంఖ్యను అనుకొని లెక్క నడపి, పిదప దానిని సవరించుటయే యిది. ఒక రాశికి దాని సగమును, నాల్గవ వంతును కలుపగా 84 అయినదనుకొందము. రాశి 4 అని ఊహింపుడు: 4, 2, 1 కలిసి 7. కావలసిన 84 దీనికి 12 రెట్లు. కనుక రాశి 4కు 12 రెట్లు, అనగా 48. భాస్కరునికి ఊహించుట నామోషీ కాలేదు, మన బడిపంతుళ్లకెందుకో!

అయితే ఊహయని చెప్పబడునదంతయు ఊహ కాదు. పోటీపరీక్షలలో నాలుగు జవాబులలో నొకదానిని కన్నుమూసి గుర్తించుట చీటీ తీయుటయే గాని గణితము కాదు. తాళా లేని ఊహకు విలువ లేదు. అందుచేత పలకమీద మూడు గడులు గీయింపవలెను: అనుకొన్నది, వచ్చినది, తేడా. చెరిపివేయనీయరాదు. తప్పిన వరుసలే ఉపాధ్యాయునికి ఎక్కువ చెప్పును.

దీనికి హద్దులును కలవు. ఒక సంఖ్యను దానిచేతనే గుణించి 6 కలిపిన, అది ఆ సంఖ్యకు అయిదు రెట్లగును, సంఖ్య యేది? 2 అని ఊహించినవాడు సరిపోయినదని సంతోషించి లేచిపోవును. 3 కూడ సరిపోవునని వానికి తెలియదు. జవాబులన్నియు దొరికినవో లేదో చెప్పుటకు సమీకరణము కావలసినదే. ఊహతో మొదలుపెట్టిన పిల్లకు ఆ అవసరము తానై తోచును. మొదటనే సమీకరణమును నెత్తిన పెట్టిన పిల్లకు అది యెందుకో యేనాడును తోచకపోవచ్చును.

బాలబాలికలకు ఒక లెక్క. ఒక పఠనమందిరములో మూడుకాళ్ల పీటలును నాలుగుకాళ్ల కుర్చీలును కలిసి 30. కాళ్లు మొత్తము 106. పదునైదు, పదునైదు అనుకొన్నచో 105 వచ్చును, ఒక్కటి తక్కువ. పలకలు తీయుడు.