మాటకూ కొలత ఉంది

ఇళ్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే పనిలోకి మన ఆడవాళ్లూ వస్తున్నారు. ఆ పనిలో ఇంగ్లీషు మాటలు నోటికి వస్తే చాలదండీ, వాటి కొలత తెలియాలి. ‘కార్పెట్ ఏరియా’ అంటే తివాచీ పరిచే చోటేగా అనుకుంటాం. కానీ 2016 నాటి రెరా చట్టం ప్రకారం గదుల మధ్య గోడలూ అందులో చేరతాయి. బయటి గోడలు, బాల్కనీ చేరవు. ‘సూపర్ బిల్టప్’ అంటే మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపినది. ‘ఎన్‌కంబరెన్స్’ అంటే ఆస్తి మీదున్న తాకట్టు వంటి భారం. రోజుకో మాట నోటుబుక్కులో రాసుకుని, పక్కనే అర్థం తెలుగులో రాయండి. తెలుగులో విడమరచి చెప్పలేకపోతే ఆ మాట మనకింకా రానట్టే. కొనేవాళ్లు జన్మంతా కూడబెట్టినది మన మాట నమ్మి పెడతారు మరి! సెలవు.