మారిషసు ద్వీపమందలి తాతలు, మనుమలు

కోరంగి రేవు పేరు మన డెల్టాలో ఎరుగనివారుండరు. 1839వ సంవత్సరపు పెనుతుపాను ఆ రేవును నేలమట్టము గావించెను. పేరు మాత్రము కడలి దాటి మారిషసున నిలిచినది. 1834 మొదలు చెఱకు తోటలకు కూలీలను ఒడంబడికపై తరలింపగా, వారిలోని తెలుగువారిని అచటివారు కోరంగులనిరి.

పగలెల్ల క్రియోలు భాష, ఇరుగుపొరుగున భోజపురి. తెలుగు మాట క్రమముగా ఇండ్లనుండి తొలగెను. అయినను తాతలు రాత్రివేళ దీపము చుట్టును తిరుగుచు రామభజనము పాడిరి. మనుమలు వెంట అడుగు కలిపిరి. ఎవరును ఉపన్యాసమిచ్చి నేర్పినది కాదు. నేడచ్చట ఉగాది సర్కారువారి సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు సైతము ఆ ద్వీపముననే జరిగినవి.

కాని నాకు విచారము గొలుపునది యొకటి కలదు. పదునైదేండ్ల బాలుడు తాళము తప్పడు. తాను పాడిన చరణమునకు అర్థమడిగినచో తెల్లబోవుటయు కలదు. బడులలో తెలుగు నేర్పుచున్నారు, సంతోషమే. అక్షరము బడి ఇచ్చును; పాట వెనుకనున్న కథ అవ్వ చెప్పవలసినదే గదా! ఆ అవ్వకే తెలుగు జారిపోయిన ఇంట ఎవరు చెప్పుదురు?

ఆ మాట మనకును తగులును. అమెరికానుండి సంక్రాంతికి వచ్చిన మనుమరాలు, ముంగిట గొబ్బెమ్మలను చూచి, ఇవి ఎందుకని మిమ్మడుగును. "మన ఆచారమమ్మా" యని తప్పించుకొనకుడు. ఆమె మరుసటి వారమే విమానమెక్కును.