చిన్న చేతికి తగిన ఫిడేలు



1893లో బెంగళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో ఎందరికో ఫిడేలు నేర్పారు. ఆ విద్యలో తమ పిల్లలను పెట్టాలనుకునే తల్లిదండ్రులు ముందుగా చూడవలసింది వాద్యం సైజు.

ఎదిగే బిడ్డ కదా అని బట్టలు కాస్త వదులుగా కొంటాం. ఫిడేలు దగ్గర ఆ పొదుపు పనికిరాదు.

ఫిడేళ్లలో పావు, అర, ముప్పావు, నిండు సైజులున్నాయి. అర అంటే సగం పొడవని అనుకోకండి. మెడ వదిలి పెట్టె మాత్రం కొలిస్తే నిండుది సుమారు 14 అంగుళాలు, ముప్పావుది 13, అరది 12, పావుది 11. అంగుళమే తేడా, కాని చిన్న చేతికి అదే భారం.

కొనేముందు బిడ్డను కింద కూర్చోబెట్టి చూడండి. మన పద్ధతిలో ఫిడేలు తల కుడికాలి చీలమండపై నిలుస్తుంది, రెండో కొస ఎడమ భుజం దగ్గర ఛాతీకి ఆనుతుంది. ఎడమచేయి ఫిడేలు తల దాకా వెళ్లినా మోచేయి కొంచెం వంగే ఉండాలి. భుజం పైకి లేవకూడదు. చిటికెనవేలు సాగదీయకుండానే తీగమీద పడాలి. అప్పుడే గమకానికి చేయి తేలిగ్గా జారుతుంది. కమాను కూడా ఆ సైజుదే కావాలి.

రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోండి. గురువుగారిని అడిగితే, పెద్ద పిల్లలు వాడి వదిలినది దొరకవచ్చు, ఖర్చూ తగ్గుతుంది.

చేయి నొప్పెట్టి బిడ్డ మానేస్తే సంగీతం అబ్బలేదని తేల్చేస్తాం. ఆ మాట అనేముందు, ఒక్కసారి ఫిడేలు కొలిచి చూడండి.