పగడపు తొట్టిలో నీటి నడక

(వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)



పగడమనగానే మనలో పెక్కుమందికి ఉంగరములోని ఎర్రరాయి స్ఫురించును. నిజమునకది రాయి కాదు. ఒక సముద్రప్రాణి కట్టుకొన్న అస్థిపంజరము. నేడు నేను ముచ్చటింపబోవునది దాని జ్ఞాతులను గూర్చి. అనగా ఉష్ణసముద్రములలో దిబ్బలు కట్టు పగడములను గూర్చి. వాటిని గాజుతొట్టిలో పెంచు విద్య మన పిల్లలకు వేడుకగా కనబడుచున్నది. కావున అందలి మర్మమును మీరును ఎరిగియుండుట మేలు.

పగడపుజీవి ఒకచోట స్థిరపడిన పిదప కదలజాలదు. ప్రాణవాయువైనను, ఆహారమైనను నీరే తెచ్చి యీయవలెను. మలినమును నీరే కొనిపోవలెను. దాని శరీరములో కంటికానని నాచుకణములు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము సమకూర్చుచుండును. తొట్టిలో నీరు నిలిచిపోయినచో పగడము నంటియున్న పలుచని నీటిపొర కదలదు. అప్పుడు ఆ జీవికి ఊపిరాడదు.

1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ సముద్రపు సజీవశిలలను తొట్టిలో నుంచి, గాలిబుడగలతో నీటిని కదల్చు తన పద్ధతిని ప్రకటించెను. నేడు ఆ పనిని పంపులు చేయుచున్నవి. రెండువందల లీటర్ల తొట్టిలో గంటకు 2,000 మొదలు 4,000 లీటర్ల నీరైనను తిరుగవలెను. కొమ్మలు వేయు గట్టిజాతులకు ఇంకను హెచ్చు కావలెను. అయితే ధార ఒకే వైపునుండి కొట్టినచో పగడపు మెత్తని కండ చినుగును. అలవలె వచ్చుచు పోవుచుండవలెను.

ఇక పోషకముల సంగతి. చేపల మలము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టును. శిలలలోని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ప్రాణవాయువు చొరని లోతైన రంధ్రములలో మరికొన్ని జీవులు ఆ నైట్రేటును నత్రజని వాయువుగా విడిచిపెట్టును. అయినను మిగిలిన నైట్రేటు, ఫాస్ఫేటు నాచునకు ఎరువై పగడమును కప్పివేయును. అందుచే చేపలు కొద్దిగా నుంచి, మేత చిటికెడే వేసి, నురుగుతో మలినమును తీయు యంత్రము నమర్చి, అప్పుడప్పుడు పదవవంతు నీరు మార్చుదురు.

అట్లని పోషకములను పూర్తిగా తుడిచివేసినచో పగడము వెలవెలబోయి ఆకలితో నశించును. లీటరుకు నైట్రేటు 2 మొదలు 10, ఫాస్ఫేటు 0.03 మొదలు 0.1 మిల్లీగ్రాముల నడుమ నుంచుట నేటి నేర్పరుల వాడుక. నిర్మలమైన నీరనగా ఆహారము లేని నీరు కాదు.

తమిళనాట స్థిరపడిన మన కుటుంబములు రామేశ్వరయాత్ర చేయుట పరిపాటి. ఆ తీరముననే మన్నారు సింధుశాఖలో పగడపు దిబ్బలు కలవు. 1986లో అచట సముద్ర జాతీయవనము ఏర్పడినది. దిబ్బలు కట్టు పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. వాటిని సేకరించుట, అమ్ముట, కొనుట నేరము. పిల్లవాడు మారాము చేసెనని ముక్క కొనిపెట్టకుడు. ఇన్ని యంత్రములు కాపుండినను తొట్టిలో ఆ ప్రాణి బ్రతుకుట దుర్లభము. సముద్రమునకు నీరు మార్చువారెవ్వరును లేరు. మన మురుగు, మన పొలముల ఎరువు అందే చేరుచున్నవి. ఈ మాటను మీ యింట పిల్లలతో నెమ్మదిగా చర్చింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.